మునెమ్మ విప్పి పెట్టిన డోసిమీటర్

2023 మార్చి. సూళగిరి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, టూవీలర్ ఇంజన్లకు అల్యూమినియం భాగాలు పోతపోసే ఒక ఫ్యాక్టరీ. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నేను హోసూరులోని ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఫ్యాక్టరీలకు వెళ్లి దుమ్ము, వేడి, వెలుతురు, శబ్దం కొలిచి, రిపోర్టు రాసి, కింద సంతకం పెట్టడం నా పని. అప్పటికి పద్నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను. పెళ్లిళ్లలో చుట్టాలు ఏం పని చేస్తావని అడిగితే శబ్దం కొలుస్తానంటాను. దానికి మనిషి కావాలా, చెవులు లేవా అని నవ్వుతారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి భోజనాల బంతి దగ్గరే పాఠం మొదలుపెడతాను. ఆ పాఠం మీకూ కొంచెం చెప్పాలి. లేకపోతే మునెమ్మ సంగతి అర్థం కాదు.

శబ్దం కొలవడానికి మా దగ్గర రెండు రకాల మెషీన్లు ఉంటాయి. ఒకటి సౌండ్ లెవెల్ మీటర్. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడితే అక్కడ ఆ నిమిషంలో ఎంత మోత ఉందో చూపిస్తుంది. కానీ పనిచేసే మనిషిని ఒకచోట బోల్టు వేసి బిగించలేదు కదా. పొద్దున ప్రెస్ దగ్గర ఉంటాడు, తర్వాత గ్రైండర్ దగ్గర, మధ్యాహ్నం క్యాంటీన్‌లో. రోజంతా కలిపి అతని చెవిలో ఎంత మోత పడిందో తెలియాలంటే రెండో మెషీను కావాలి. దాన్ని నాయిస్ డోసిమీటర్ అంటారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. భుజం మీద, చెవికి బెత్తెడు దూరంలో చొక్కాకు క్లిప్పులతో బిగిస్తాం. పైన చిన్న మైకు, దానికి గాలి తగలకుండా నల్లటి స్పాంజి టోపీ. లోపల ఉన్న చిప్పు నిమిషనిమిషానికీ మోత ఎంతో రాసుకుంటూ పోతుంది. షిఫ్టు అయ్యాక కంప్యూటరుకు తగిలిస్తే, రోజంతటికీ కలిపి ఒక అంకె, నిమిషాలవారీగా ఒక గ్రాఫు వస్తాయి. ఆ అంకెనే డోస్ అంటారు.

డోస్ అంటే రేషన్ అనుకోండి. మన చట్టం ప్రకారం చెవికి రోజుకు నూరు శాతం రేషన్. తొంభై డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలుంటే ఆ నూరూ అయిపోతుంది. తొంభై అయిదులో అయితే నాలుగు గంటలకే, వందలో రెండు గంటలకే, నూట అయిదులో ఒక్క గంటకే అయిపోతుంది. అయిదు పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. మేనేజర్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. తొంభైకీ నూట అయిదుకూ తేడా పదిహేనే కదా మేడం అంటారు. ఆ పదిహేనే ఎనిమిది గంటల పనిని ఒక గంటకు దించుతుందని చెబితే నమ్మరు.

ఆ ఫ్యాక్టరీ మమ్మల్ని పిలవడానికి కారణం మునెమ్మ. ఏడాదికొకసారి చేసే హెల్త్ చెకప్‌లో ఆమెకు రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గిందని తేలింది. ఆమెది అంచెట్టి అవతల కొండల్లో ఒక ఊరు. పుట్టిల్లూ మెట్టినిల్లూ మేకలూ ఆవులూ మేపుకునే కుటుంబాలే. పన్నెండేళ్ల కిందట మొగుడితో కలిసి కొండ దిగి, సూళగిరిలో ఒక గది అద్దెకు తీసుకుని, కాంట్రాక్టరు కింద ఈ ఫ్యాక్టరీలో చేరింది. మొగుడు కట్టడం పనిలో సారవ కట్టెల మీద నుంచి పడి నడుము పోగొట్టుకున్నాక, ఇల్లు ఆమె ఒక్క జీతంతోనే నడుస్తోంది. పోతపోసిన భాగాల అంచుల్లో మిగిలే గరుకును అక్కడ బర్ అంటారు. ఆ బర్‌ను గీకి తీయడం, తర్వాత రంధ్రాల్లో ఇరుక్కున్న లోహపు పొట్టును ఎయిర్ గన్‌తో ఊదడం ఆమె పని. ఎయిర్ గన్ అంటే కంప్రెసర్ గాలిని తుపాకిలా నొక్కి వదిలే గొట్టం.

హెచ్.ఆర్. మేనేజరు నన్ను కూర్చోబెట్టి సంగతి దాచకుండా చెప్పాడు. మునెమ్మ వెనక ఫోర్క్‌లిఫ్ట్ హారన్ కొట్టినా పక్కకు జరగడం లేదు, ఎప్పుడో ప్రమాదం తప్పదు. ఫ్యాక్టరీలో మోత పరిమితిలోపలే ఉందని మా రిపోర్టు వస్తే, ఆ చెవుడు ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నదే అవుతుంది. అన్‌ఫిట్ అని రాసి కాంట్రాక్టరుకు అప్పజెబుతారు, అతను ఇంకొకరిని పంపుతాడు. పరిమితి దాటిందని వస్తే మాత్రం అది పనివల్ల వచ్చిన జబ్బు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలి, ఆమెను అంత సులువుగా పంపేయడం కుదరదు. కొండల్లోవాళ్లు ఎప్పుడూ అరుస్తూనే మాట్లాడతారని, పుట్టుకతోనే చెవుల్లో ఏదో తేడా ఉండి ఉంటుందని కూడా అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. నెలాఖరులోగా ఆయనకొక కాగితం కావాలి, అంతే.

అరుస్తూ మాట్లాడటం మాత్రం నిజమే. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మేకల్ని మళ్లించేవాళ్ల గొంతు మెత్తగా ఎలా ఉంటుంది? మాది అత్తిముగం, పొలాల ఊరు. మేమూ గట్టిగానే మాట్లాడతాం గానీ వాళ్ల ముందు చాలం. అందుకే పన్నెండేళ్లలో మునెమ్మ గొంతు ఏటేటా పెరుగుతూ పోయినా ఎవరికీ అనుమానం రాలేదు. తన మాట తనకు వినపడక పెంచుకుంటోందని ఎవరికీ తట్టలేదు. కొండ మనిషి, కొండ గొంతు అని వదిలేశారు. మొదటి రోజు నేనూ అలాగే అనుకున్నాను. అందరి చెవుల సంగతీ చూసేదాన్ని, నాకూ తట్టలేదు.

ఆ మొదటి రోజు పొద్దున ఏడున్నరకే వెళ్లి మునెమ్మకూ, ఎయిర్ గన్ పని లేని ఇంకో ముగ్గురికీ నాలుగు డోసిమీటర్లు సిద్ధం చేశాను. తగిలించే ముందు ప్రతిదాన్నీ కాలిబ్రేట్ చేయాలి. కాలిబ్రేటర్ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. మైకును దాని మూతిలో దూరిస్తే ఎప్పుడూ ఒకే మోత, 114 డెసిబెల్స్, వినిపిస్తుంది. మెషీను కూడా 114 అంటేనే దాన్ని నమ్మాలి. సాయంత్రం విప్పాక మళ్లీ అదే పరీక్ష. పొద్దుటికీ సాయంత్రానికీ అర డెసిబెల్ కన్నా ఎక్కువ తేడా వస్తే ఆ రోజు కొలతంతా చెత్తబుట్టలోకే. నావి నాలుగూ సరిగ్గా ఉన్నాయి.

మునెమ్మ పొడుగ్గా, బక్కగా ఉంది. చీర మీద ఫ్యాక్టరీవాళ్లిచ్చిన నీలం కోటు. భుజం మీద మెషీను బిగిస్తుంటే సూది వేయించుకుంటున్నట్టు కళ్లు గట్టిగా మూసుకుంది. ఇది మాటలన్నీ పట్టేస్తుందా అని అడిగింది. అందరూ మొదట అడిగేది అదే. సూపర్‌వైజర్‌ను తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోతుందని వాళ్ల భయం. మాటలు పట్టదు, మోత ఎంతో మాత్రం రాసుకుంటుందని చెప్పాను. తర్వాత, ఎవరికి తగిలించినా చెప్పే మాటే ఆమెకూ చెప్పాను.

"భద్రం మునెమ్మా. ఇది శానా ఖరీదు. దీనికేమన్నా అయితే నా జీతంలో పట్టుకుంటారు."

ఆమె నా నోటి వంకే చూస్తూ తలూపింది.

మెషీన్లు తగిలించిన టెక్నీషియన్ పని జరిగే చోటే, షాప్ ఫ్లోర్ మీదే ఉండి, ఎవరు ఎన్నింటికి ఎక్కడ ఏం చేశారో రాసుకోవాలి. అది మా పద్ధతి. నేను పొద్దున రెండు రౌండ్లు తిరిగాను. మునెమ్మ బెంచి దగ్గర మీటరుతో కొలిస్తే ఎనభై ఎనిమిది వచ్చింది. ఆ తర్వాత రేకుల షెడ్డు కింద ఎండ, దానికి తోడు లోహం కరిగించే ఫర్నెస్‌ల సెగ. మేనేజరు గదిలో ఏసీ ఉంది, టీ ఉంది. ఉన్న నిజం చెబుతున్నాను, అక్కడే కూర్చున్నాను. మిగతా వివరాలు సూపర్‌వైజర్ నంజప్పను పిలిచి అడిగి రాసుకున్నాను. మునెమ్మ రోజుకు మూడు విడతలు ఎయిర్ గన్ పని చేస్తుందని, పదింటికి, రెండింటికి, నాలుగింటికి, ఒక్కో విడత ముప్పై అయిదు నిమిషాలు పడుతుందని ఆయనే చెప్పాడు. కొత్తగా చేరిన టెక్నీషియన్లు ఇలా చేయరు. భయానికైనా నిలబడే ఉంటారు. ఇలాంటి బద్ధకం నాలాంటి అనుభవజ్ఞులకే వస్తుంది.

సాయంత్రం మునెమ్మ డోస్ అరవై రెండు శాతం వచ్చింది. నూటికి చాలా లోపలే. మేనేజరుకు ఫోన్‌లో చెబితే, శుక్రవారంలోగా రిపోర్టు పంపమన్నాడు.

మరుసటి రోజు ల్యాబ్‌లో రిపోర్టు టైపు చేస్తూ ఫైలు తిరగేస్తుంటే మునెమ్మ ఆడియోగ్రామ్ కాపీ కనిపించింది. బొంగురు స్వరం నుంచి కీచు స్వరం దాకా ఒక్కోటీ ఎంత గట్టిగా వినిపిస్తే మనిషికి అందుతుందో గీసే బొమ్మ అది. వయసు వల్ల చెవి తగ్గితే ఆ గీత కీచు వైపుకు మెల్లగా దిగుతూ పోతుంది. మోత వల్ల తగ్గితే నాలుగువేల హెర్ట్జ్ దగ్గర గుంతలో పడి మళ్లీ కొంచెం పైకి లేస్తుంది. మునెమ్మ రెండు చెవుల్లోనూ ఆ గుంత ఉంది. నేను డాక్టర్‌ని కాను. కానీ అలాంటి గుంతల్ని, కాల్చిన ఇనుమును సుత్తులతో కొట్టే ఫోర్జింగ్ షాపులవాళ్ల ఫైళ్లలో ఎన్నోసార్లు చూశాను. అరవై రెండు శాతం డోస్‌కు అంత లోతు గుంత పడదు. ఆమె చెవి ఒకటి చెబుతోంది, నా మెషీను ఇంకొకటి చెబుతోంది.

మామూలుగా రిపోర్టులోకి అంకె వెళ్తే చాలు, గ్రాఫు ఎవరూ అడగరు. ఆ రోజు తెరిచి చూశాను. గీత పొద్దున్నుంచీ ఎనభై ఆరుకూ తొంభైకీ మధ్య ఆడుతూ పోయింది. మధ్యాహ్నం భోజనం వేళ పడిపోయింది, అది సహజమే. కానీ ఇంకో మూడుచోట్ల కూడా డెబ్బైకి పడిపోయి, ముప్పై అయిదు నిమిషాలు అక్కడే ఉండి, మళ్లీ లేచింది. పదింటికి, రెండింటికి, నాలుగింటికి. సరిగ్గా ఎయిర్ గన్ విడతలు. రోజులో అన్నిటికన్నా ఎక్కువ మోత ఉండాల్సిన సమయంలోనే అన్నిటికన్నా తక్కువ చూపిస్తోంది. పైగా ప్రతి పతనానికీ ముందొకటి, వెనకొకటి పొడుగాటి ముల్లు. మైకును చేత్తో పట్టుకుని కదిలిస్తే గ్రాఫులో అలాంటి ముల్లే పడుతుంది. ఎవరో విప్పారు, మళ్లీ తగిలించారు.

నాకు ఒళ్లు మండింది. మొదట మునెమ్మ మీద, తర్వాత నంజప్ప మీద. ఆయనే విప్పించి ఉంటాడని ఖాయం చేసుకున్నాను. చివరికి ఏసీ గదిలో తాగిన టీ గుర్తొచ్చి నా మీద నాకే వచ్చింది. నేను ఫ్లోర్ మీద ఉండి ఉంటే పదింటికే కనిపించేది కదా.

మా ల్యాబ్ యజమానికి చెబితే ఆయన నీళ్లు నమిలాడు. కాలిబ్రేషన్ సరిపోయింది, డోస్ వచ్చింది, కస్టమరు ఒక్కరోజుకే ఆర్డరిచ్చాడు, ఇంకేం కావాలి అన్నాడు. పెద్ద కస్టమరు, గొడవ పెట్టుకోవద్దన్నాడు. మెషీను ఆమె భుజం మీద లేని గంటా ముప్పావుకు నేను సంతకం పెట్టను, కావాలంటే మీరు పెట్టుకోండి అన్నాను. నాతో వాదిస్తే ఆ పూటంతా పోతుందని ఆయనకు తెలుసు. సరే పోయి మాట్లాడి రా అన్నాడు.

అదే రోజు బస్సెక్కి, భోజనాల వేళకు ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు చేరాను. మునెమ్మ ఒక మూల రాగి సంగటి డబ్బా ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. పక్కన కాకుండా ఎదురుగా, నా నోరు ఆమెకు కనిపించేలా కూర్చున్నాను.

"నిన్న ఆ మెషీను నడుమ్మధ్యలో విప్పినావా?"

"విప్పినాను."

"ఎవురన్నా విప్పమని చెప్పినారా? నంజప్ప ఏమన్నా అన్యాడా?"

"ఎవురూ చెప్పలేదమ్మా. నువ్వే కదా చెప్పినావు, దానికేమన్నా అయితే నీ జీతంలో పట్టుకుంటారని. గాలి కొట్టేటప్పుడు పొట్టూ నూనె నీళ్లూ మొగమంతా ఎగురుతాయి. దాని మింద పడితే చెడిపోతాదని విప్పి, గుడ్డలో చుట్టి, బట్టలు మార్చుకొనే రూములో నా సంచిలో పెట్టినాను. పని అయినంక మళ్లా తగిలించుకొన్యాను. నా వల్ల నీకు నష్టం కాకూడదు కదా."

తన ఉద్యోగాన్ని నిలబెట్టాల్సిన మెషీనును ఈ మనిషి నా జీతం కోసం సంచిలో దాచింది. ఆ గంటా ముప్పావు మోతనూ రోజూలాగే రెండు చెవులతో భరించింది. ఇయర్ ప్లగ్‌లు ఆమె మెడలో దారానికి వేలాడుతున్నాయి. అవి ఎందుకు పెట్టుకోవని అడిగాను. పెట్టుకుంటే నంజప్ప పిలిచేది వినపడదట, వినపడకపోతే తిడతాడట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో సిగ్గో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

అసలు ఆ మెషీను ఎందుకు తగిలించామో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెబితే తలనొప్పి అని మేనేజరు ఊరుకున్నాడు. అది నా పని కాదని నేను ఊరుకున్నాను. ఖరీదు గురించి మాత్రం చెప్పాను. ఇక దాచి లాభం లేదనిపించింది.

"విను మునెమ్మా. నీ చెవి ఈడ పోయిందా, ఇంటికాడ పోయిందా అని అది చెప్పల్ల. దానికే తెచ్చింది. మోత తక్కువని వస్తే నిన్ను పనిలోనించి తీసేస్తారు."

ఆమె చేతిలో సంగటి ముద్ద అలాగే ఉండిపోయింది.

"అయితే నా పని నేనే పోగొట్టుకొంటినా?"

"లేదు. ఇంగొక దినం కొలుస్తాం. ఈసారి ఏమైనా కానీ విప్పొద్దు. పగిలితే పగలనీ."

అక్కడి నుంచి మేనేజరు గదికి వెళ్లాను. గ్రాఫు చూపించి, ఈ కొలత చెల్లదు, మళ్లీ కొలవాలన్నాను. ఆయన మొదట విసుక్కున్నాడు. తర్వాత అసలు అనుమానం బయటపెట్టాడు. ఇప్పుడు ఆమెకు సంగతి తెలిసిపోయింది కాబట్టి మైకు దగ్గర అరుస్తుంది, లేకపోతే దాన్ని తీసుకెళ్లి ప్రెస్ పక్కన పెడుతుంది అన్నాడు. అది తీసిపారేయాల్సిన మాటేం కాదు. అలాంటివి నేనూ చూశాను. అందుకే అక్కడికక్కడే చెప్పాను: ఎనిమిదింటి నుంచి అయిదింటి దాకా ఆమె పక్క నుంచి కదలను, ఏ నిమిషం ఏం చేసిందో రాస్తాను, గంటకొకసారి నంజప్ప దాని మీద సంతకం పెట్టాలి. నా భుజానికి కూడా ఒక డోసిమీటర్ తగిలించుకుంటాను. ఆమె మైకులో అరిస్తే ఆమె గ్రాఫులో ఒక్కదానిలోనే ముళ్లు లేస్తాయి, నా దానిలో లేవవు. అప్పుడు కూడా అరవై రెండే వస్తే సంతకం పెట్టి నా చేత్తోనే మీకిస్తాను అన్నాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూసి, సోమవారం రమ్మన్నాడు.

సోమవారం అన్నట్టే చేశాను. ముందుగా మునెమ్మకు ప్లగ్ పెట్టుకోవడం నేర్పించాను. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. ఊరికే అంచున ఆనిస్తే దేనికీ పనికిరాదు. దానివల్ల కొలతకు ఇబ్బంది లేదు, డోసిమీటర్ చెవి బయటి మోతనే కొలుస్తుంది. పిలవాలంటే భుజం తట్టమని, అరవొద్దని నంజప్పకు గట్టిగా చెప్పాను. నా ముఖం చూసి ఆయన ఎదురు చెప్పలేదు.

పదింటికి ఎయిర్ గన్ మొదలైంది. మూడువైపులా రేకు కొట్టిన మూల అది. మునెమ్మ ఒక్కో భాగాన్ని ఎడమచేత్తో పట్టుకుని, రంధ్రంలో గన్ మూతి పెట్టి నొక్కుతుంది. గుడ్డి రంధ్రంలోకి వెళ్లిన గాలి బయటికి దారి లేక తిరిగి తన్నుకొస్తూ కీచుమంటుంది, రేకులు ఆ కీచును మళ్లీ ఆమె మీదికే కొడతాయి. నా చెవుల్లో ప్లగ్‌లు, వాటి మీద హెడ్‌ఫోన్లలాంటి మఫ్‌లు ఉన్నాయి. అయినా పళ్లు జివ్వుమన్నాయి. చేతిలోని మీటరు నూట నాలుగు, నూట అయిదు, ఒక్కోసారి నూట ఆరు చూపించింది. ఒక్కో రంధ్రానికీ అదే. బుట్ట నిండా భాగాలు, భాగానికి తొమ్మిది రంధ్రాలు. పొట్టు ఎగిరి ఆమె భుజం మీది స్పాంజి టోపీకి గుచ్చుకుంటుంటే ఆమె కంగారుగా నా వంక చూసేది. ఉండనీ అని సైగ చేసేదాన్ని.

రెండింటి విడతలో నూనె నీళ్లు ఒక్కసారిగా చిమ్మి మెషీను తడిసింది. ఆమె గన్ కింద పెట్టేసి అలవాటుకొద్దీ క్లిప్పు మీద చెయ్యి వేసింది. నేను ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఆమె చెయ్యి దించి మళ్లీ గన్ పట్టుకుంది. ఆ నిమిషం కూడా కాగితం మీద రాశాను, పక్కన నంజప్ప సంతకం పెట్టాడు.

సాయంత్రం అయిదింటికి క్యాంటీన్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టాను. తడి తుడిచి కాలిబ్రేటర్‌లో పెడితే మెషీను 114 చూపించింది. తడిసినా చెక్కుచెదరలేదు. మామూలుగా నేను మెషీను విప్పుకుని, ఫలితం ఆఫీసులో చెబుతారని చెప్పి వెళ్లిపోతాను. మా లైన్లో అందరూ చేసేది అదే. డిస్‌ప్లేకు తాళం కూడా వేస్తాం, వేసుకున్నవాళ్లకు అంకె కనిపించకుండా. ఆ రోజు మునెమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. గ్రాఫులో మూడుచోట్లా గీత నూట అయిదు దాకా లేచి, బల్లపరుపుగా సాగి దిగింది. నా దానిలోనూ అదే ఆకారం, రెండు మూడు డెసిబెల్స్ తక్కువ. ఆమె అరవలేదు. డోస్ రెండు వందల ముప్పై ఆరు శాతం.

"నూరు దాటకూడదు మునెమ్మా. నీది రెండు నూర్ల ముప్పై ఆరు."

ఆమె సంతోషపడుతుందనుకున్నాను. ఉద్యోగం నిలబడుతుంది కదా. ఆమె ముఖంలో సంతోషమేమీ కనిపించలేదు. ఆ మూడు మెట్టల్ని వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"ఇన్నేండ్లూ ఇట్లేనా?"

"ఇదే పని చేసింటే, ఇట్లే."

గ్రాఫు మీంచి వేలు తీసేసింది. తర్వాత ఆ క్యాంటీన్ మొత్తానికీ వినపడేలా అంది:

"నా మొగుడూ నా బిడ్డా అందురూ నన్ను పరధ్యానం మనిషంటారు. పిలిస్తే పలకదు, పొగురంటారు. నేనూ అదే అనుకొంటి, నా బుద్ధే మంచిది కాదని. మళ్లా వస్తాదామ్మా?"

ఈ ప్రశ్నకు డాక్టరును అడగమని చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు అలా తప్పించుకోలేదు.

"రాదు మునెమ్మా. ఇంగ ఉండేదాన్ని కాపాడుకోవచ్చు, అంతే."

ఆమె కోటు చేతితో ముఖం తుడుచుకుంది. నేను కాగితాలు తీసుకుని మేనేజరు గది వైపు లేచాను. ఆమె కూడా లేచింది. షాప్ ఫ్లోర్ మనుషులు ఎవరైనా పిలవకుండా ఆఫీసులోకి రారు. నంజప్ప కూడా తలుపు దగ్గర నిలబడే మాట్లాడతాడు. మునెమ్మ నాకన్నా ముందు నడిచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, బల్ల ముందు నిలబడింది. నేను గ్రాఫు బల్ల మీద పెట్టి నోరు తెరిచేలోపే ఆమె మొదలుపెట్టింది.

"సార్, నా చెవి ఈడ పోయింది. ఇంటికాడ కాదు. అట్లే రాసుకోండి."

బయట టైపు చేస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. మేనేజరు ఆమెను కాకుండా నన్ను చూశాడు. నేను నిమిషాల కాగితం కూడా ఆయన ముందుకు జరిపాను. ఆయన గ్రాఫును దగ్గరికి లాక్కుని, నిమిషాల కాగితం పక్కన పెట్టుకుని, నంజప్ప సంతకాలతో సహా మొత్తం చదివాడు. చివరికి ఆమెను కూర్చోమన్నాడు.

రెండు నెలల్లో ఎయిర్ గన్‌లకు మోత తగ్గించే మూతులు వచ్చాయి. రేకుల మూల తీసేసి, చేతులు మాత్రమే లోపలికి వెళ్లే మూతపెట్టె పెట్టారు. ఊదే పని ఎవరికీ రోజుకు ఒక విడత మించి ఇవ్వడం లేదు. డాక్టరు రాసిన కాగితం ఇన్‌స్పెక్టర్‌కు వెళ్లింది. మునెమ్మను అదే జీతంతో తనిఖీ బల్ల దగ్గరికి మార్చారు. బీమా ఆసుపత్రిలో చెవికి మెషీను ఇచ్చారు గానీ, పెట్టుకుంటే తల పగిలిపోతోందని సగం పొద్దు కోటు జేబులోనే ఉంచుతుందట. పోయిన చెవి పోయినట్టే. నేను ఆ మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టి ఉంటే, పోయింది ఈడ కాదు ఇంట్లోనే అని కాగితం మీద స్థిరపడిపోయేది. ఆమె కూడా అదే నమ్మేది.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు మారాయి. మెషీను తగిలించేటప్పుడు దాని ఖరీదు మాటెత్తను. ఇది నీ చెవిలో ఎంత పడుతోందో చూడటానికి, ఎంత మురికి పనైనా విప్పొద్దు, నేను ఇక్కడే ఉంటానని చెబుతాను, ఉంటాను కూడా. సాయంత్రం అంకె వచ్చాక మొదట భుజం మీద మోసినవాళ్లకు చూపిస్తాను, తర్వాతే ఆఫీసుకు తీసుకెళ్తాను. ఇది పద్ధతి కాదని ఒకరిద్దరు మేనేజర్లు మా యజమానికి ఫిర్యాదు చేశారు. ఆయన నన్ను పిలిచి అడిగితే, అది వాళ్ల చెవి సార్ అన్నాను.